కాటన్ దొర నిజంగా యుద్ధం చేశారా? "జనరల్" ఎలా అయ్యారు?

దీప్తి_తణుకు:

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే గానీ మా ఇంట్లో రెండు రోజులుగా నలుగుతోంది.

మాది తణుకు దగ్గర పల్లెటూరు, ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్నాం. బాబు ఏడో తరగతి. "మీ జిల్లాకు మేలు చేసిన ఒకరి గురించి" చార్టు చేసుకు రమ్మన్నారు స్కూల్లో. వాడు కాటన్ దొరని పట్టుకున్నాడు. ఊళ్ళో కాలవ గట్టున ఉన్న విగ్రహాన్ని గుర్తు చేసుకుని గుర్రం వేశాడు, నెరిసిన జుట్టు వేశాడు, ఆఖరికి చేతిలో కత్తి కూడా పెట్టాడు. ఇదెందుకురా అంటే "జనరల్ కదమ్మా, కత్తి ఉండదా?" అన్నాడు.

మా మావయ్యగారు చూసి ఒకటే నవ్వు. "ఆయన ఇంజినీరు రా. జనరల్ అనేది బిరుదు, రావు బహద్దూర్ లాంటిది. ఒక్క తుపాకీ కూడా పేల్చి ఉండడు" అన్నారు. మా వారేమో "సైన్యంలో లేకుండా జనరల్ ఎలా ఇస్తారు నాన్నా" అన్నారు. ఇక భోజనాల దగ్గర కూడా ఇదే. గూగుల్‌లో వెతికితే ఎటు తిరిగినా ఆనకట్టే వస్తోంది. నాకు కావలసింది ఆయన మిలిటరీ ఉద్యోగం కథ. తెలిసినవాళ్ళు చెప్పరూ? సోమవారం చార్టు ఇవ్వాలి.

గోదారిగట్టు_రిటైర్డ్:

అమ్మా దీప్తీ, మీ మావయ్యగారికి సగం మార్కులు, మీ వారికి సగం. బాబుకి మాత్రం ఫుల్ మార్కులు వెయ్యచ్చేమో, ఆ కత్తి సంగతి చివర్లో చెబుతాను.

నేను ఇరిగేషన్‌లో ముప్పై రెండేళ్ళు చేసి డీఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా) రిటైరయ్యాను, ఎక్కువ కాలం ధవళేశ్వరం కిందే. ఆఫీసుకి వెళ్తూ వస్తూ ఆ మనిషి విగ్రహానికి దండం పెట్టినవాడినే. కానీ దండం పెట్టడం వేరు, సర్వీసు రిజిస్టర్ చదవడం వేరు. ఆయన సర్వీసు చూస్తే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సైనికుడే.

పుట్టింది 1803 మే 15న. హెన్రీ కాల్వెలీ కాటన్ అనే ఆయనకి పదకొండు మంది కొడుకుల్లో పదోవాడు. పదో కొడుక్కి ఆస్తి ఏం మిగులుతుంది? ఉద్యోగం చూసుకోవాల్సిందే. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వాళ్ళ అడిస్కోంబ్ మిలిటరీ స్కూల్లో వేశారు. అది లండన్ దగ్గర క్రాయ్‌డన్ పక్కన ఉండేది. అక్కడ రూలు ఏమిటంటే, బాగా పైన నిలిచిన కుర్రాళ్ళకి ఇంజినీర్స్, తర్వాతి వాళ్ళకి ఫిరంగి దళం, మిగతా అందరికీ కాల్బలం. మన ఎంసెట్ కౌన్సెలింగ్ లాంటిదే అనుకోండి. ఈయనకి ఇంజినీర్స్ వచ్చింది. 1819లో మద్రాస్ ఇంజినీర్స్‌లో సెకండ్ లెఫ్టినెంట్. వయసు పదహారు! మా మనవడికి ఆ వయసులో బండి తాళాలు ఇవ్వడానికే మా అబ్బాయి ఒప్పుకోలేదు.

1821లో మద్రాసులో దిగాడు. పాంబన్ దగ్గర ఓడల దారి సర్వే, అలాంటి పనులు. 1824లో బర్మా యుద్ధం మొదలైంది. రంగూన్‌కి పంపిన సైన్యంలో మద్రాసు దళాలు చాలా ఉన్నాయి, వాటితో పాటు ఈయన కూడా వెళ్ళాడు. కాబట్టి మావయ్యగారికి చెప్పండి, తుపాకీ చప్పుడు దగ్గర్నుంచే విన్నాడని.

తిరిగొచ్చాక 1828 నుంచి కావేరి. ఆయన చదువంతా అక్కడే జరిగిందని నా అభిప్రాయం. అప్పటికి కావేరి నీళ్ళు తంజావూరు వైపు పోకుండా పల్లంగా ఉన్న కొల్లిడం అనే పాయలోకి జారిపోతున్నాయి. ఏటేటా ఇసుక మేట, ఏటేటా డెల్టాకి నీళ్ళు తక్కువ. 1836 నాటికి కొల్లిడం మీద ఎగువన ఒక ఆనకట్ట, దిగువన ఒక ఆనకట్ట లేపాడు. అడుగున రాయి తగలని ఇసుక నది మీద గోడ ఎలా నిలబెట్టాలి? ఈ విద్య ఇంగ్లండులో ఎవరూ నేర్పలేదు. కరికాల చోళుడి కాలం నాటిదని చెప్పే పాత ఆనకట్ట కల్లణై అక్కడే ఉంది. దాన్ని చూసి నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు, దాచుకోలేదు.

ఇక్కడ నా గోల ఒకటి. సర్వీసులో కొత్తగా చేరిన రోజుల్లో వరదకి మా సెక్షన్లో కాలవ గట్టు గండి పడింది. నేను కాలేజీలో చదివింది తలుచుకుని, గట్టి గోడలా ఏదో కట్టించబోయాను. పక్కనున్న ముసలి లస్కర్ (కాలవ కాపలా చూసే పనివాడు) "బాబూ, నీళ్ళతో పోట్లాడకండి. రాయి వదులుగా వెయ్యండి, అదే సర్దుకుంటుంది. పోయిన చోట మళ్ళీ వేద్దాం" అన్నాడు. వినలేదు. పొద్దున్నకి నా గోడ లేదు. రెండో రోజు అతను చెప్పినట్టే చేశాం. తర్వాత ఎప్పుడో ధవళేశ్వరం పాత కట్టడం వివరాలు చదువుతుంటే అదే కనబడింది. ఇసుకలో బావులు దించి, వాటి మీద కట్టుబడి లేపి, దిగువ వైపు పెద్ద పెద్ద రాళ్ళు వదులుగా పరవడం. నది లాక్కుపోతే మళ్ళీ వెయ్యడం. నూట ముప్పై ఏళ్ళు నిలబడింది ఇలాగే. ఇప్పుడు మనం కారులో దాటే 175 గేట్ల బ్యారేజీ 1982లో పూర్తయింది, దానికీ ఆయన పేరే పెట్టారు.

గోదావరి సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. నందన కరువు, 1839 ఉప్పెన. 1821లో 7.38 లక్షలున్న జిల్లా జనాభా ఇరవై ఏళ్ళలో 5.61 లక్షలకి పడిపోయింది. హెన్రీ మౌంట్‌గోమరీ అనే కమిషనర్ వచ్చి చూసి, కాటన్‌ని పిలిపించండి అన్నాడు. అప్పుడాయన విశాఖపట్నంలో ఉన్నాడు. 1844, 45లలో రెండు రిపోర్టులు, 1847లో పని మొదలు, 1852కి పూర్తి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలూ కలిపి దాదాపు పన్నెండు వేల అడుగుల కట్టడం. మధ్యలో ఆరోగ్యం పాడై రెండేళ్ళు సెలవు పెడితే కెప్టెన్ ఓర్ నడిపించాడు. కూలీలనీ సరుకునీ కూడగట్టింది మన ఓవర్సీర్ వీణం వీరన్న గారు. చార్టులో ఆ పేరు కూడా ఒక మూల రాయించమ్మా, పుణ్యం ఉంటుంది.

ఆ రిపోర్టులు చదివితే ఇంకో మనిషి కనిపిస్తాడు. మనకి భగీరథుడు, స్నానం సంకల్పంలో తలుచుకునే పేరు. కానీ ఆయన కంపెనీకి రాసిన భాష వేరు. ఇంత పెడితే శిస్తు ఇంత పెరుగుతుంది, పెట్టుబడి ఇన్నేళ్ళలో తిరిగొస్తుంది, ఇదీ వరస. జాలి లేదని కాదు, చాలా ఉంది. డబ్బు మంజూరు చేసేవాళ్ళకి జాలి చూపిస్తే ఫైలు కదలదని తెలిసినవాడు. ఆ విషయంలో ఆయన కచ్చితంగా మా డిపార్ట్‌మెంట్ మనిషే.

జనరల్ ఎలా అయ్యాడో మిలిటరీ వాళ్ళెవరైనా చెబితే బాగుంటుంది. ఆ లెక్క నాకన్నా వాళ్ళకి బాగా తెలుసు.

మద్రాస్_తంబి:

నమస్కారం అమ్మా, డీఈ గారికీ నమస్కారం. నేను మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో ఇరవై రెండేళ్ళు చేసి హవల్దారుగా బయటికి వచ్చాను. సొంతూరు టెక్కలి దగ్గర. మమ్మల్ని సైన్యంలో అందరూ "తంబి" అంటారు, ఆ పేరే ఇక్కడ పెట్టుకున్నాను. 1780లో మద్రాస్ పయొనీర్స్‌గా మొదలైన దళం మాది. కాటన్ లాంటి ఇంజినీరు ఆఫీసర్లు నడిపించింది మా పాతతరం వాళ్ళనే.

జనరల్ లెక్క తేలిక. కంపెనీ సైన్యంలో ఇంజినీర్స్‌కీ ఫిరంగి దళానికీ ప్రమోషన్ పూర్తిగా సీనియారిటీ మీదే. అప్పట్లో రాజుగారి సైన్యంలో కాల్బలం, గుర్రపు దళాల్లో డబ్బు పోసి హోదా కొనుక్కోవచ్చు. ఇంజినీర్స్‌లో అది కుదరదు. పైవాడు చనిపోవాలి, లేదా రిటైర్ అవ్వాలి, అప్పుడు కిందివాడు ఒక మెట్టు ఎక్కుతాడు. గొప్ప పని చేసినా చెయ్యకపోయినా అంతే. కావేరి మీద కెప్టెన్, ధవళేశ్వరం నాటికి మేజర్. పదహారేళ్ళకి చేరినవాడు, తొంభై ఆరేళ్ళు బతికినవాడు, పైకి వెళ్ళకుండా ఎలా ఉంటాడు చెప్పండి?

ఇంకో తమాషా. 1860లో ఇండియా వదిలి వెళ్ళిపోయినా ఆయన పేరు సైన్యం జాబితాలోనే ఉంది. 1862లో మద్రాస్ ఇంజినీర్స్‌ని రాయల్ ఇంజినీర్స్‌లో కలిపేశారు. ఈయన ఇంగ్లండులో ఉండగానే ర్యాంకులు పెరుగుతూ పోయి, 1877లో రిటైరయ్యేనాటికి పూర్తి జనరల్. మొత్తం సర్వీసు 58 ఏళ్ళు. అందులో గోదావరి ఆనకట్ట ఐదేళ్ళు, అదీ మధ్యలో సెలవుతో. కాబట్టి మీ మావయ్యగారు బిరుదు అన్నది తప్పు, మీ వారు యుద్ధంలో గెలిచి తెచ్చుకున్నాడనుకుంటే అదీ తప్పు. "సర్" వేరు సంగతి. అది 1861లో ఇచ్చింది, దాన్ని బిరుదు అనచ్చు.

బర్మా గురించి రెండు మాటలు. డీఈ గారు ఒక్క లైనులో తేల్చేశారు, నాకు మనసు ఒప్పలేదు. 1824 మే నెలలో రంగూన్‌లో దిగారు, వెంటనే వానాకాలం. కూర, మాంసం దొరకవు, ఊరంతా ఖాళీ. ఆ యుద్ధంలో వెళ్ళిన నలభై వేల మందిలో పదిహేను వేల మంది పోయారు, ఎక్కువమంది జ్వరాలూ విరేచనాలతోనే. బర్మా వాళ్ళు టేకు దుంగలు నిలువుగా పాతి కోటల్లా కట్టేవారు. స్టాకేడ్ అంటారు. ఫిరంగి గుండు పడితే రాతిగోడ పగులుతుంది, దుంగల గోడ గుండుని మింగేస్తుంది. అలాంటివాటి మీదకి దాడికి పోయే మనుషుల ముందు ఇంజినీరు ఆఫీసర్ ఉండాలి. నిచ్చెన ఎక్కడ వెయ్యాలి, మందుగుండు ఎక్కడ పెట్టాలి, ఇది అతని పని. కాటన్ అలాంటి దాడుల్లో ముందు నడిచాడు. అప్పటికి ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళు. 1826 ఫిబ్రవరిలో యాండబూ సంధితో అది ముగిసింది.

మాకు బెంగళూరులో ట్రైనింగ్‌లో మొదట నేర్పేది ముడులు వెయ్యడం, మట్టి తవ్వడం, చేతికి దొరికిన దానితో వాగు దాటడం. సామాను వచ్చేదాకా ఆగుతాను అంటే సాపర్ (ఇంజినీరు దళం సిపాయి) కాదు. ధవళేశ్వరం కొండ రాయి, భద్రాచలం అడవి టేకు, ఆ పక్కనే సున్నం, వీటితో నదికి అడ్డం కట్టాడంటే నాకు ఆశ్చర్యం లేదు. ట్రైనింగ్ అలాంటిది.

హంద్రీ_ఒడ్డు:

అందరూ పొగుడుతున్నారు, కర్నూలు నుంచి ఒక మాట కూడా వినండి.

మాకూ కాటన్ పేరు తెలుసు, వేరే రకంగా. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా కాలువ తవ్వాలని మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అని ఒకటి పెట్టారు. వెనక కాటన్ ప్రోద్బలం. పది లక్షల పౌన్ల మీద ఐదు శాతం వడ్డీకి సర్కారు హామీ. అంటే లాభం వస్తే కంపెనీకి, రాకపోతే మన పన్నులోంచి. నీళ్ళు వచ్చాయి, తీసుకునేవాళ్ళు లేరు. నల్లరేగడి నేల మాది, వాన సరిగ్గా పడితే కాలువ నీళ్ళకి డబ్బు కట్టాల్సిన అవసరం ఏముంది రైతుకి? గోదావరి డెల్టా లెక్కని తెచ్చి ఇక్కడ వేశారు. ఆఖరికి 1882లో సర్కారే కంపెనీని కొనేసింది. ఇప్పుడు అదే కేసీ (కర్నూలు-కడప) కెనాల్ మాకు ప్రాణం, ఆ మాట కూడా ఒప్పుకుంటాను. మా తాత నుంచి మేమంతా దాని కిందే పండించాం. కానీ అది ఆయన అనుకున్న రోజుల్లో, ఆయన అనుకున్న పద్ధతిలో పారలేదు.

ఇంకొకటి. కాటన్ కుటుంబం మొత్తం సైన్యమే. అన్న సిడ్నీ కాటన్ 1857లో పెషావర్‌లో బ్రిగేడియర్. తిరగబడిన 55వ పటాలం సిపాయిలు నలభై మందిని ఫిరంగుల మూతులకి కట్టి పేల్చారు, జూన్ 10న, పరేడు నిలబెట్టింది ఈయనే. పెదనాన్న మనవడో ఎవరో లార్డ్ కాంబర్‌మియర్, భరత్‌పూర్ కోట పడగొట్టినాయన. ఒకే ఇంట్లో నీళ్ళిచ్చినాయన, ఫిరంగికి కట్టినాయన. చార్టులో ఇది పెట్టమని అనడం లేదు. పెద్దవాళ్ళకి తెలియాలి కదా అని.

గోదారిగట్టు_రిటైర్డ్:

హంద్రీ గారూ, కేసీ కెనాల్ మాట నిజం. ఒక్క సవరణ, కాంబర్‌మియర్ కాటన్‌కి పెదనాన్న కొడుకే, మనవడు కాదు. 1826 జనవరిలో ఆయన భరత్‌పూర్ పట్టుకుంటున్నప్పుడు ఈయన బర్మాలో ఉన్నాడు.

కాటన్‌కి ఒక్క రోగం ఉంది. తను చూసిన ఒక మంచి పని అన్ని చోట్లా అలాగే జరగాలనుకోవడం. గంగా కాలువ తవ్విన కాట్లీతో 1860లలో పత్రాల్లో పెద్ద తగాదా. కాలువ వాలు మరీ ఎక్కువగా పెట్టావు అన్నాడు. ఆ ముక్కలో నిజముంది, తర్వాత సరిచేసుకోవాల్సి వచ్చింది. కానీ అన్న తీరు చూస్తే, మా ఆఫీసులో రిటైరయ్యాక కూడా వచ్చి కొత్త ఏఈల డ్రాయింగుల్లో తప్పులు పట్టే పెద్దమనిషి గుర్తొస్తాడు. (మా ఆవిడ ఇది చదివి, ఆ పెద్దమనిషి ఎవరో తనకి తెలుసంటోంది.)

రైళ్ళ మీద మరీ పగ. ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు తర్వాత 1878లో పార్లమెంటు కమిటీ ముందుకి వెళ్ళాడు, వయసు డెబ్బై ఐదు. రైళ్ళకి తగలేసిన డబ్బు పడవలు తిరిగే కాలువలకి పెట్టి ఉంటే జనం బతికేవారని వాదన. కమిటీ ఒప్పుకోలేదు. తమాషా ఏమిటంటే, 1837లో మద్రాసులో రెడ్ హిల్స్ నుంచి చింతాద్రిపేటకి రోడ్ల పని కోసం రాయి మోసిన రైలు, ఇండియాలో మొదటిదని చెప్పేది, వేసింది ఈయనే! ధవళేశ్వరంలో కూడా కొండ నుంచి రాయి తేవడానికి పట్టాలు వేశాడు.

ఇంటి సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటాను. ఒంట్లో బాగులేక టాస్మేనియా వెళ్ళినప్పుడు 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ని పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ అమ్మాయే తర్వాత లేడీ హోప్. డార్విన్ చివరి రోజుల్లో బైబిలు చదువుతూ కనిపించాడని 1915లో కథ బయటికి వచ్చింది కదా, అది చెప్పినావిడ ఈవిడే. డార్విన్ పిల్లలు అదంతా అబద్ధం అన్నారు. తండ్రి జీవితచరిత్ర రాసింది కూడా ఈవిడే. అందుకే ఆ పుస్తకం చదివేటప్పుడు నేను పక్కన పెన్సిల్ పెట్టుకుంటాను.

రిటైరయ్యాక డోర్కింగ్‌లో ఉన్నాడు. పెరట్లో నేల లోతుగా తవ్వి గోధుమ వేసి దిగుబడి లెక్కలు కట్టేవాడు. అరబ్బీ నేర్చుకునేవాళ్ళకి 180 చిన్న వాక్యాలతో వాచకం రాశాడు, డెబ్బై దాటాక. 1899 జూలైలో పోయాడు.

ఇక కత్తి సంగతి. అమ్మా, గుర్రం ఉండనీ. ఊరూరా గుర్రం మీద తిరిగి సర్వే చేశాడనే మా వాళ్ళందరూ చెప్పుకుంటారు. కత్తి మాత్రం తీయించి చేతికి సర్వే గొలుసు ఇప్పించు.

మద్రాస్_తంబి:

డీఈ గారూ, క్షమించాలి, నేను ఒప్పుకోను. కత్తి ఉంచండమ్మా. రంగూన్‌లో ఆ కుర్రాడి చేతిలో నిజంగానే ఉండి ఉంటుంది. తప్పు కత్తిది కాదు, జుట్టుది. కత్తి పట్టేనాటికి ఆయనకి మీసాలు కూడా సరిగ్గా వచ్చి ఉండవు.

దీప్తి_తణుకు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. మావయ్యగారు మొత్తం చదివించుకున్నారు. "సరే, బర్మా ఒప్పుకున్నాను, కానీ ఇంట్లో కూర్చుని జనరల్ అయ్యాడు కదా, నేను చెప్పింది అదే" అంటున్నారు. వదిలేశాం.

మావాడు చార్టుని మధ్యలో గీత గీసి రెండు చేశాడు. ఎడమ పక్క దుంగల గోడ, నల్ల జుట్టు కుర్రాడు, కత్తి, కింద "1824, 21 ఏళ్ళు". కుడి పక్క గుర్రం, గొలుసు, "1847, 44 ఏళ్ళు". కుడి పక్కాయనకి కూడా నెరిసిన జుట్టు తీసేసి నల్లగా దిద్దాడు. వీణం వీరన్న గారికి ఫోటో దొరకలేదు, అందుకని తలపాగా పెట్టి మా మావయ్యగారి మొహం వేశాడు. ఇప్పుడాయన చార్టు స్కూలుకి వద్దు, ఇంట్లోనే ఉంచండి అంటున్నారు.